కాఫీ పొడి కొనేటప్పుడు చూడాల్సినవి రెండు అంకెలు, ఒక తేదీ

2024 డిసెంబర్‌లో న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో అరబికా కాఫీ ధర 1977 నాటి రికార్డును దాటేసింది. 2025 ఫిబ్రవరికల్లా పౌను 4 డాలర్లు మించింది. లండన్‌లో ట్రేడయ్యే రోబస్టాకు కూడా ఆ నెలల్లోనే మునుపెన్నడూ లేని ధర పలికింది. బ్రెజిల్, వియత్నాం తోటలను కరువు దెబ్బతీయడం ఇందుకు ప్రధాన కారణం. భారత్‌లో పండే కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. కాబట్టి అక్కడ పెరిగిన ధర చిక్కమగళూరు తోటకు, అక్కడి నుంచి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కాఫీ పొడి కొట్టుకు చేరడానికి పెద్దగా సమయం పట్టలేదు.

గింజ ధర పెరిగినప్పుడు పొడి అమ్మేవారికి రెండు దారులుంటాయి. ఒకటి, ప్యాకెట్ ధర పెంచడం. రెండోది, ధర అలాగే ఉంచి లోపలి పాళ్లు మార్చడం. రెండోది కూడా చట్టబద్ధమే, ప్యాకెట్ మీద రాస్తే చాలు. సమస్యల్లా ఆ రాత చిన్న అక్షరాల్లో ఉండటం, కొనేవారిలో చాలామంది దాన్ని చదవకపోవడం. ఇంట్లో కాఫీ బాగా కుదరలేదంటే నింద సాధారణంగా పాల మీదో, ఫిల్టర్ మీదో, కలిపినవారి చేతి మీదో పడుతుంది. నిజానికి కాఫీ రుచిలో సగానికిపైగా నీళ్లు పొడిని తాకకముందే నిర్ణయమైపోతుంది.

51 శాతం గీత

చికోరీ నీలం పూలు పూసే మొక్క. ముల్లంగిలా ఉండే దాని దుంపను ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. యూరప్‌లో దీనికి గిరాకీ తెచ్చింది నెపోలియన్ కాలం నాటి వాణిజ్య దిగ్బంధం. కాఫీ దొరకని రోజుల్లో ఫ్రెంచివాళ్లు ఈ దుంపతో సర్దుకున్నారు, తర్వాత రుచి మరిగి వదల్లేకపోయారు. దక్షిణ భారతంలోనూ ఇంచుమించు ఇదే కథ. పొదుపు కోసం వచ్చింది, అలవాటుగా స్థిరపడింది.

ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం, కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ బరువులో కనీసం 51 శాతం ఉండాలి. ఏది ఎంత శాతమో లేబుల్ మీద స్పష్టంగా ముద్రించాలి. ఇన్‌స్టంట్ కాఫీ-చికోరీ మిశ్రమానికీ ఇదే కనీస పరిమితి. అంటే సగానికి ఒక్క శాతం ఎక్కువ కాఫీ ఉంటే చాలు, మిగతాదంతా దుంప పొడి అయినా దాన్ని ఆ పేరుతో అమ్మవచ్చు. చెప్పి కలిపితే అది మిశ్రమం, చెప్పకుండా కలిపితే కల్తీ.

చికోరీని చెడ్డ సరుకుగా చూడటం కూడా సరికాదు. కాఫీ గింజలో నీటిలో కరిగే పదార్థం 30 శాతం దాకా ఉంటే, చికోరీలో అది దాదాపు 70 శాతం. అందుకే కాస్త చికోరీ కలిస్తే డికాషన్ చిక్కగా, నల్లగా దిగుతుంది. పాలు పోశాక రంగు నిలుస్తుంది, చేదు వెనక కొంచెం బెల్లపు తీపి తగులుతుంది. చికోరీ పొడి నీరు పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి ఫిల్టర్‌లో నీళ్లు నెమ్మదిగా దిగుతాయి. 80:20 పాళ్లలో ఇవన్నీ కాఫీకి సాయం చేస్తాయి. 60:40కి వచ్చేసరికి కాఫీ వాసన వెనక్కి తగ్గి, మాడిన పంచదార రుచి ముందుకొస్తుంది. విచిత్రమేమిటంటే ‘స్ట్రాంగ్’ కాఫీ అని చాలామంది మెచ్చుకునేది ఈ రెండో రకాన్నే. ఆ చిక్కదనం, ఆ రంగు దుంపవి. చికోరీలో కెఫీన్ అసలు లేదు.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఉదాహరణకు 80:20 మిశ్రమం అర కిలో 400 రూపాయలు, 53:47 మిశ్రమం అర కిలో 320 రూపాయలు అనుకుందాం. రెండోది 20 శాతం చవకగా కనిపిస్తుంది. కానీ మొదటి ప్యాకెట్‌లో 400 గ్రాముల కాఫీ ఉంది, రెండో దానిలో ఉన్నది 265 గ్రాములే. కాఫీ మీద మాత్రమే లెక్కిస్తే మొదటిది 100 గ్రాములు 100 రూపాయలకు, రెండోది దాదాపు 121 రూపాయలకు పడుతోంది. కాఫీ కంటే చికోరీ చాలా చవక అని గుర్తు పెట్టుకుంటే లాభం ఎటు పోతోందో ఊహించవచ్చు. ఒకే బ్రాండ్‌లో రెండు మూడు రకాల ప్యాకెట్లు పక్కపక్కనే ఉన్నప్పుడు ధరతోపాటు ఈ రెండంకెలనూ చూడటానికి పట్టేది అర నిమిషం.

విడిగా మర పట్టించుకునేవారికి లేబుల్ రక్షణ లేదు గానీ అంతకంటే మంచి సౌకర్యం ఉంది. గింజలు కళ్ల ముందే మరలో పడతాయి. చికోరీ ఎంత కలపాలో, అసలు కలపాలో వద్దో కొనేవారే చెప్పవచ్చు. అనుమానం వస్తే ఇంట్లో చేసుకోగల తేలిక పరీక్షను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచించింది. గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి, పైన చెంచాడు పొడి చల్లాలి. కాఫీ కొంతసేపు తేలుతుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే గోధుమరంగు చారలు విడుస్తూ మునుగుతుంది. ఇది చికోరీ ఉందో లేదో చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పదు. ‘ప్యూర్ కాఫీ’ అని అమ్మినదాన్ని పరీక్షించడానికి అది చాలు.

గింజల్లో ఏది?

తెలుగు ఇళ్లలో ‘పీబరీ’ అన్న మాటకు ఉన్న గౌరవం మరే గింజకూ లేదు. కాఫీ పండులో మామూలుగా రెండు గింజలు ఒకదానికొకటి ఆనుకుని బల్లపరుపుగా పెరుగుతాయి. కొన్ని పండ్లలో ఒక్కటే పెరిగి గుండ్రంగా తయారవుతుంది. అదే పీబెర్రీ. గుండ్రంగా ఉండటం వల్ల పెనం మీద దొర్లి సమంగా వేగుతుందన్న వాదన ఉంది. అంతేగానీ అది ప్రత్యేక జాతి కాదు, నాణ్యతకు హామీ అంతకన్నా కాదు. అరబికాలోనూ పీబెర్రీ వస్తుంది, రోబస్టాలోనూ వస్తుంది. ‘పీబరీ’ అని అడిగేవారు ఏ పీబరీ అని కూడా అడగాలి.

అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో దాదాపు రెట్టింపు. అరబికాకు సువాసన, సన్నటి పులుపు ఎక్కువ. రోబస్టాకు చేదు, బరువు, నురగ ఎక్కువ. పాలు బాగా పోసుకునే ఇంట్లో రోబస్టా కొంచెం కలవడం తప్పేమీ కాదు. చికోరీ ఇచ్చే చిక్కదనాన్ని అది కాఫీగానే ఉండి ఇస్తుంది. చికోరీ తగ్గించుకోవాలనుకునేవారు ముందు ప్రయత్నించాల్సిన దారి ఇదే.

అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకు, వయనాడ్ రోబస్టాకు కూడా అప్పుడే ఇచ్చారు. గిరిజన సహకార సంస్థ జీసీసీ దుకాణాల్లో అరకు పొడి దొరుకుతుంది. చికోరీ లేని అరకు కాఫీని కొని, మామూలు మిశ్రమంలాగే ఫిల్టర్ వేసి, ముప్పావు గ్లాసు పాలు పోసి ‘పలచగా ఉంది’ అని పెదవి విరిచేవారు కనిపిస్తూ ఉంటారు. చికోరీ లేని పొడికి కొలత మారాలి. పొడి మూడో వంతు ఎక్కువ, పాలు కాస్త తక్కువ, మర కొంచెం సన్నం. అప్పుడు గానీ ఆ గింజ పని తెలియదు.

తేదీ ఎందుకు?

పచ్చి కాఫీ గింజ నెలల తరబడి నిలవ ఉంటుంది. పాతకాలంలో పచ్చి గింజలే కొని, ఏ పూటకాపూట వేయించి, బల్లకు బిగించిన చేతిమరలో తిప్పుకున్న ఇళ్లలో కాఫీ ఎందుకు బాగుండేదో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు. వేయించిన మరుక్షణం నుంచి గింజ ఆయువు తగ్గుతూ వస్తుంది. వేగినప్పుడు లోపల పుట్టిన కార్బన్ డయాక్సైడ్ రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తుంది, దానితోపాటు వాసన కూడా. ఆ ఖాళీలోకి గాలిలోని ఆక్సిజన్ చేరి గింజలోని నూనెలను పాడుచేస్తుంది. అరబికాలో నూనె దాదాపు 15 శాతం, రోబస్టాలో సుమారు 10 శాతం. పాత పొడికి వచ్చే ముక్కిపోయిన వాసన ఈ నూనెలదే.

మర పడితే ఈ పనంతా వేగం పుంజుకుంటుంది. ఒక్క గింజ వందల రేణువులుగా మారి అన్ని వైపులా గాలికి తెరుచుకుంటుంది. గింజగా రెండు నుంచి నాలుగు వారాలు బాగుండే కాఫీ, పొడి అయ్యాక వారం పది రోజులకే వాసన తగ్గుతుంది. పాలు, పంచదార కలిపే ఫిల్టర్ కాఫీలో మూడు వారాల దాకా తేడా అంతగా తెలియకపోవచ్చు. ఆ తర్వాత మాత్రం దాచడం కష్టం.

ప్యాకెట్ మీద చూడాల్సింది ‘ఎప్పటిలోగా వాడాలి’ అన్న తేదీని కాదు. అది నెలల తర్వాత ఉంటుంది, తాగితే హాని లేదని మాత్రమే చెబుతుంది. వేయించిన తేదీ ఉంటే అన్నిటికంటే మేలు. లేకపోతే ప్యాకింగ్ తేదీ చూడాలి. కొన్ని ప్యాకెట్ల మీద చిన్న బొత్తాంలా ఒక కవాటం ఉంటుంది. లోపలి వాయువును బయటికి వదులుతూ గాలిని లోనికి రానివ్వకపోవడం దాని పని. ముక్కు దగ్గర పెట్టి నొక్కి వాసన చూసుకోవడానికీ పనికొస్తుంది గానీ, ప్రతి కొనుగోలుదారూ నొక్కిన ప్యాకెట్‌లో మిగిలే వాసన ఎంతో కూడా ఆలోచించుకోవాలి.

ఎంత కొనాలన్నది చిన్న లెక్క. కప్పుకు సుమారు 7 గ్రాముల పొడి. ఇద్దరు రోజుకు రెండుసార్లు తాగితే 28 గ్రాములు, వారానికి దాదాపు 200 గ్రాములు. అంటే ఇద్దరున్న ఇంటికి వారానికి పావు కిలో ప్యాకెట్ సరిపోతుంది. ఆఫర్‌లో వచ్చిన కిలో ప్యాకెట్ చివరి సగం తాగేటప్పటికి మిగిలిన డబ్బు కంటే పోయిన రుచే ఎక్కువ.

డబ్బా ఎక్కడ పెట్టాలి?

కాఫీ పొడికి శత్రువులు నాలుగు: గాలి, తేమ, వేడి, వెలుతురు. మన వంటింట్లో డబ్బా ఉండే చోటు చూస్తే నాలుగింటికీ ఆహ్వానం పలికినట్టే ఉంటుంది. చేతికందాలని పొయ్యి పక్కన అరలో పెడతారు. అందంగా ఉంటుందని గాజు సీసాలో పోస్తారు. పావు కిలో పొడిని రెండు కిలోల డబ్బాలో వేసి మిగతాదంతా గాలితో నింపుతారు. పాలగిన్నెలో తిప్పిన చెంచానే పొడిలో ముంచుతారు. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుందని స్థూలంగా చెబుతారు. మే నెలలో తెలంగాణ, రాయలసీమ వంటిళ్లలో పొయ్యి పక్క అర ఎంత వేడిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో వేడికి తోడు తేమ. చికోరీకి తేమ పీల్చే గుణం ఎక్కువ కాబట్టి అక్కడ మిశ్రమం పొడి త్వరగా గడ్డకడుతుంది.

బిగుతు మూత ఉన్న, పొడికి సరిపోయేంత చిన్న స్టీలు డబ్బా మేలు. ప్యాకెట్ మందంగా ఉంటే పొడిని గుమ్మరించకుండా, గాలి తీసేసి నోరు మడిచి, ప్యాకెట్‌తో సహా డబ్బాలో పెట్టడం ఇంకా మేలు. పొయ్యికి దూరంగా, ఎండ పడని కింది అరలో ఉంచాలి. పాత పొడి మీద కొత్తది పోయకూడదు. డబ్బా గోడలకు పట్టిన పాత నూనె కొత్త పొడికీ వాసన అంటిస్తుంది. ఖాళీ అయిన ప్రతిసారీ కడిగి, పూర్తిగా ఆరాకే నింపాలి. మర నుంచి వేడివేడిగా తెచ్చిన పొడిని చల్లారాకే మూత పెట్టాలి.

ఫ్రిజ్ మీద వాదన ఎప్పటికీ తెగదు. రోజూ తీసి పెట్టే డబ్బాకు ఫ్రిజ్ పనికిరాదు. చల్లటి పొడి మూత తెరిచిన ప్రతిసారీ గదిలోని తేమ దాని మీద చేరుతుంది. కాఫీ వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది కూడా. నిన్నటి ఉల్లిపాయ పులుసు పక్కన వారం ఉన్న పొడి సంగతి వేరే చెప్పాలా? ఫ్రీజర్ సంగతి వేరు. ఎక్కువ పొడి నిలవ చేయక తప్పనివారికి, ఉదాహరణకు సెలవులకు వచ్చి రెండు మూడు కిలోలు సూట్‌కేసులో పెట్టుకుని అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లేవారికి, అదే సరైన చోటు. అయితే షరతులున్నాయి. పొడిని వారానికి సరిపడే చిన్న పొట్లాలుగా విడగొట్టి, గాలి చొరకుండా మూసి పెట్టాలి. ఒక పొట్లం బయటికి తీశాక, అది గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు. విప్పినది మళ్లీ ఫ్రీజర్‌లోకి పోకూడదు.

ఫిల్టర్ ఎలా పనిచేస్తుంది?

మన ఫిల్టర్‌కు మంట అక్కర్లేదు, ఒత్తిడి అక్కర్లేదు. పొడిలోంచి నీరు తన బరువుతో తానే దిగుతుంది. అందువల్ల అంతా పొడి సన్నదనం మీద, నీటి వేడి మీద, ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

ముగ్గురికి 20 నుంచి 25 గ్రాముల పొడి, అంటే మూడు నిండు టేబుల్ స్పూన్లు, 150 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. ముందుగా ఫిల్టర్‌ను వేడినీళ్లతో తొలిచి తుడవాలి. చల్లటి స్టీలు నీటి వేడిని లాగేసుకుంటుంది. పొడి వేసి, పైగిన్నెను మెల్లగా తట్టి సమం చేయాలి. కాడ ఉన్న చిల్లుల బిళ్లను పైన ఆనించాలి గానీ గట్టిగా అదమకూడదు. నీరు 92 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటే రుచి బాగా దిగుతుంది. సముద్ర మట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి మరిగిన వెంటనే పోసినా ఫరవాలేదు. తీర ప్రాంతంలో అర నిమిషం ఆగితే చాలు. మొదట పొడి తడిసేంతే పోసి అర నిమిషం ఆగాలి. తాజా పొడి అయితే చిన్న చిన్న బుడగలతో పొంగుతుంది. అది లోపల మిగిలిన కార్బన్ డయాక్సైడ్. అస్సలు పొంగలేదంటే పొడి పాతదని అర్థం. తర్వాత మిగతా నీళ్లు పోసి మూత పెట్టాలి.

డికాషన్ దిగడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాల్లోనే అంతా దిగిపోతే మర బరకగా ఉంది లేదా పొడి తక్కువైంది. అలాంటి కాఫీ నీళ్లగా, పుల్లగా ఉంటుంది. అరగంటైనా దిగకపోతే పొడి మరీ సన్నం కావచ్చు, చికోరీ ఎక్కువ కావచ్చు, బిళ్లను అదిమి ఉండవచ్చు. మరో కారణం చాలామందికి తట్టదు. రెండు గిన్నెల మధ్య బిగుతు ఎక్కువైతే కింది గిన్నెలో గాలి చిక్కుకుని నీటిని ఆపుతుంది. పైగిన్నెను ఒక్కసారి కొద్దిగా ఎత్తి పెడితే మళ్లీ చుక్కలు పడతాయి.

రెండో డికాషన్ పొదుపే తప్ప కాఫీ కాదు. కాఫీలో రావాల్సినదంతా మొదటి విడతలోనే వచ్చేస్తుంది, రెండోసారి వచ్చేది ఎక్కువగా చేదూ వగరూ. చికోరీ రంగు ఇంకా దిగుతూ ఉంటుంది కాబట్టి కంటికి మాత్రం కాఫీలాగే ఉంటుంది.

నీళ్లు కూడా ముఖ్యమే. బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువైతే కాఫీ మొద్దుబారుతుంది. ఆర్‌వో యంత్రం వాటిని మరీ తీసేస్తే చప్పగా, పదునుగా ఉంటుంది. అంతర్జాతీయ స్పెషాలిటీ కాఫీ సంఘం ప్రమాణంలో టీడీఎస్ లక్ష్యం లీటరుకు 150 మిల్లీగ్రాములు, 75 నుంచి 250 దాకా ఫరవాలేదు. ఆర్‌వో నీళ్లు 30 దగ్గర చూపిస్తుంటే మెకానిక్‌తో కొద్దిగా పెంచించుకోవడం కాఫీకి మేలు.

పాలలో టోన్డ్ రకానికి 3 శాతం, ఫుల్ క్రీమ్‌కు 6 శాతం వెన్న ఉంటుంది. చికోరీ తక్కువున్న పొడికి చిక్కటి పాలు కావాలి. పాలు ఒక్క పొంగుకు తీసి వాడాలి. పొద్దుటి నుంచి నాలుగుసార్లు కాగిన పాల వాసన ఎంత మంచి డికాషన్‌నైనా మింగేస్తుంది. డికాషన్‌ను మాత్రం ఎన్నడూ పొయ్యి మీద మరిగించకూడదు. చల్లారితే గిన్నెతో సహా వేడినీళ్లలో పెట్టాలి, లేదా పొంగిన పాలే అందులో పోయాలి. మిగిలినది మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటి దాకా పనికొస్తుంది.

ఎప్పుడు, ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఐసీఎంఆర్ తరఫున 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దని చెబుతున్నాయి. వాటి ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషన్ రకం కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత కాఫీ టీలు వద్దన్నది అదే పత్రంలోని మరో సూచన. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. టిఫిన్ ప్లేటు తీయగానే కాఫీ గ్లాసు అందుకునే అలవాటు ఈ కోణంలో మంచిది కాదు. కాఫీ మానడం కంటే వేళ మార్చడం సులువు.

ఫిల్టర్ శుభ్రత

ఫిల్టర్ చిల్లుల్లో సన్నటి పొడి, నూనె కలిసి గట్టిపడతాయి. రోజూ వేడినీళ్లతో, నార బ్రష్‌తో కడిగితే చాలు. సబ్బు వాసన మిగలకుండా చూసుకోవాలి. నెలకోసారి పైగిన్నెను వెలుతురుకు ఎత్తి చూస్తే మూసుకుపోయిన చిల్లులు కనిపిస్తాయి. స్టీలు ఫిల్టర్ అయితే అడుగును కొద్ది క్షణాలు గ్యాస్ మంట మీద పట్టుకుంటే ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. చల్లారాక సూదితో గుచ్చి కడగాలి. కళాయి పూసిన ఇత్తడి ఫిల్టర్‌కు మాత్రం ఈ చిట్కా పనికిరాదు. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి బ్రష్‌తో తోమాలి. లోపల ఇత్తడి పసుపు బయటపడితే వాడటం ఆపి మళ్లీ కళాయి వేయించాలి.